తొట్టెల తాడు

ఏడ్చే పసిపాప తనంతట తానే ఊరుకుంటే, నిద్రపోయినట్టా? ఇక ఎవరూ రారని ఊరుకున్నట్టా?

తిరుపతమ్మకు ఈ అనుమానం ముప్పై ఏళ్లుగా ఉంది.

అప్పట్లో ఆమె బోధన్ పక్కన చెరుకు కొట్టడానికి పోయేది. గట్టు మీది తుమ్మకొమ్మకు తన పచ్చంచు పెళ్లిచీరతో తొట్టెల కట్టి, కొడుకు అనిల్‌ను అందులో పడుకోబెట్టేది. తోట ఆ కొసకు చేరాక వాడి ఏడుపు వినిపించేది. మేస్త్రి కదలనిచ్చేవాడు కాదు. కాసేపటికి ఏడుపు ఆగిపోయేది.

వచ్చి చూస్తే వాడు నిద్రలో ఉండేవాడు.

“వాడు నిద్రపోయిండా దేవా, నా మీద ఆశ ఇడిసిండా?” అని దీపం పెట్టిన ప్రతిసారీ అడిగేది. దేవుడు చెప్పలేదు.

ఇప్పుడు ఆ అనిల్ కూతురు అంకిత, మూసిన తలుపు వెనక, వరండా వైపు కిటికీ పక్కన కట్టిన తొట్టెలలో ఏడుస్తోంది.

“ఎత్తుకోకుండ్రి అత్తమ్మా,” కోడలు నిరోష తలుపుకు అడ్డం నిలబడింది. “తనంత తనే పడుకునుడు నేర్వాలె. ఇది ట్రైనింగ్.”

వరండాలోంచి నవ్వు వినిపించింది.

“పాలుతాగే పొల్లకు ట్రైనింగా? పోలీసుల చేరుస్తరా బిడ్డా?”

ఎవరో ముసలామె. పేరు బాలవ్వ అట. ముప్కాల్ నుంచి ఎదురింటి జాన్సన్ వాళ్ల కోసం వచ్చింది. వాళ్లింటికి తాళం ఉంటే వీళ్ల వరండాలో కూర్చుంది.

నిరోష ముఖం ముడుచుకుంది. “నువ్వు నీళ్లు తాగి కూసో అవ్వా. మా పొల్ల సంగతి మేం చూసుకుంటం.”

“సరే తల్లీ. చెవులే కదా, మూసుకుంట.”

నిరోష అత్తను వంటింట్లోకి తీసుకుపోయి చిక్కుడుకాయలు ముందు పెట్టింది.

ఏడుపు పెరిగింది. తర్వాత తగ్గింది. తర్వాత ఆగిపోయింది.

“విన్నరా అత్తమ్మా?” నిరోష సంబరపడింది. “చెప్తే నమ్మకపోతిరి. తనంత తనే పడుకుంది.”

తిరుపతమ్మ చేతిలో చిక్కుడుకాయ అట్లాగే ఉండిపోయింది. ఆ రోజుల్లోనూ ఏడుపు ఇట్లాగే ఆగేది.

ఉండబట్టలేక వరండాలోకి వచ్చింది.

బాలవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమె సంచి మూతికి కట్టుకొచ్చిన తాడు ఇప్పుడు కిటికీ ఊచల్లోంచి తొట్టెల దాకా పోయింది. రెండో కొస ఆమె కాలి బొటనవేలికి ఉంది. కాలు ఆడుతోంది. తొట్టెల ఊగుతోంది.

తిరుపతమ్మకు నవ్వు ఆగలేదు. “దొంగతనంగ ఊపుతున్నవా అక్కా?”

“మెల్లగ. మీ ఆఫీసరమ్మ వింటది.”

“గీ పని ఏడ నేర్సినవ్?”

“చెరుకు తోటల. నేను గట్టుకాడ మోపులు కడుతుంటి. ఎవ్వరి పోరడో, తుమ్మకొమ్మ తొట్టెల్ల ఏడుస్తుండె. తల్లి ఆ కొసకు కొడుతుండె. ఎత్తుకుంటే మేస్త్రి తిడ్తడు. గందుకే మోపుల తాడు తొట్టెలకు కట్టి, కొస నా కాలికి కట్టుకుంటి. నేను పని చేస్తుంటే వాడు ఊగుతుండె.”

బాలవ్వ ఆవలించింది.

“బండ్లు నిండంగనే తాడు ఇప్పుకొని పోయేదాన్ని. ఆ తల్లి మొకం ఎన్నడు సూడలే. పచ్చంచు పెళ్లిచీర తెచ్చి తొట్టెల కట్టిందంటే, కొడుకు మీద ఎంత పావురమో, ఎంత ప్రేమో అనుకునేదాన్ని.”

తిరుపతమ్మ ఆమె పక్కన కూలబడింది. “అక్కా…” అనేసరికి బాలవ్వ కళ్లు మూతపడ్డాయి. ముప్కాల్ నుంచి బస్సులో వచ్చిన అలసట. కాలు ఆగిపోయింది.

తిరుపతమ్మ ఆ తాడు విప్పి తన కాలి వేలికి కట్టుకుంది. ముసలామె తలను మెల్లగా ఒళ్లోకి తీసుకుని జో కొట్టసాగింది.

నిరోష గుమ్మంలోకి వచ్చి నిలబడిపోయింది. “ఎవరత్తమ్మా ఈమె? మన చుట్టమా?”

“మెల్లగ మాట్లాడు, లేస్తది,” అంది తిరుపతమ్మ. “మీ ఆయనకు ట్రైనింగ్ ఇచ్చింది ఈ అవ్వనే.”