నలుగురి పెట్టెలో తొమ్మిదిమంది

తెనాలిలో సామ్రాజ్యమ్మ వంటింటి అలమరలో టిఫిన్ డబ్బా అంత సర్వర్ ఒకటి ఉంది. శరీరాలు అరిగిపోయినవాళ్లు మనసులు మాత్రం తెచ్చుకుని అందులో అద్దెకుంటారు. నలుగురికి సరిపడే మెమరీని ఆవిడ తొమ్మిదిమందికి సర్దింది. అందరూ ఒకేసారి ఆలోచించరని ఆవిడ ధైర్యం. ఆలోచిస్తే పెట్టె ఆగిపోతుంది. తొమ్మిదిమందిలో ఒక్కరూ మిగలరు.

ఒక సాయంత్రం సర్వర్ల ఆఫీసు నుంచి తనిఖీకి నాగూర్ వలి వచ్చాడు.

"అందర్నీ ఒక్కసారి లేపండి పిన్నిగారూ. లోడు చూడాలి."

"భోంచేసి పడుకున్నారు బాబూ."

"వాళ్లకి భోజనమేంటండీ?" అంటూ అతనే మీట నొక్కాడు.

స్పీకర్లో గోల మొదలైంది. లెక్కల మాస్టారు ఎక్కాలు అందుకున్నారు. ప్లీడరుగారు ఈ తనిఖీ చెల్లదంటూ సెక్షన్లు చదివారు. ఇద్దరు తోడికోడళ్లు ముప్పై ఏళ్లనాటి గొడవని మొదట్నుంచీ తవ్వారు. మీటరు తొంభై దాటి తొంభై ఎనిమిదికి చేరింది. పెట్టె కాలిన వాసన వేసింది.

"నలుగురి పెట్టెలో ఇంతమందా? ఆపేస్తున్నా," అన్నాడు నాగూర్ వలి.

"ఆపితే పోతారయ్యా!"

సామ్రాజ్యమ్మ అతని చెయ్యి తోసేసి, టీవీ వైరు తెచ్చి పెట్టెకి గుచ్చింది. ఏడున్నర సీరియల్ వస్తోంది. అందులో కోడలు కాఫీ గ్లాసు ఎత్తింది గాని తాగలేదు. కెమెరా ఇంటిల్లిపాది మొహాలమీదికీ మూడేసిసార్లు వెళ్లింది.

స్పీకరు మూగబోయింది. మీటరు నాలుగుకి పడింది.

"ఏంటండీ ఇది?"

"ఇంక ఎవరూ ఏమీ ఆలోచించరు. సంతకం పెట్టు బాబూ."

పెట్టాడు. కానీ వెళ్లలేదు, స్టూలు టీవీ దగ్గరికి లాక్కున్నాడు.

"ఆ కాఫీలో అత్త ఏం కలిపిందండీ?"

"ఉష్," అన్నారు పెట్టెలోంచి తొమ్మిదిమందీ.