మూడో నంబరు చివర

"హార్న్స్‌బీ వెళ్లే రైలు ఈరోజు మూడో నంబరు ప్లాట్‌ఫారానికి కాదు, నాలుగో నంబరుకు వస్తుంది. ఇంకా మూడు నిమిషాలు."

మైకు కట్టేసి లొరెయిన్ కెమెరా తెర వంక చూసింది.

మెట్ల దగ్గరున్న జనం వెంటనే కదిలారు.

మూడో నంబరు ఆ చివరన ఉన్నవాళ్లు మాత్రం ఉలకలేదు, పలకలేదు.

అప్పుడు స్తంభం పక్కన నిలబడ్డ ముసలాయన చెయ్యెత్తి ఏదో అన్నాడు.

అంతే, అందరూ మెట్ల వైపు పరుగు. పోతూ పోతూ ఒకమ్మాయి ఆయన భుజం తట్టింది. ఇంకొకాయన కాఫీ కప్పు చేతిలో పెట్టి మరీ వెళ్లాడు.

లొరెయిన్‌కు ఒళ్లు మండిపోయింది.

"చూశావా తారెక్? నేను చెప్తే దిష్టిబొమ్మల్లా నిలబడ్డారు. ఆ పెద్దమనిషి నోరు తెరిస్తే చాలు, లేడిపిల్లలైపోతారు!"

పక్క కుర్చీలో కెమెరాలు చూసుకునే తారెక్ నవ్వాడు.

"నీకు పోటీ వచ్చాడు మహారాణీ. నీది ఉత్త గొంతే. ఆయనకు మొహం కూడా ఉంది."

ఆ మాట సూటిగా తగిలింది.

ఇరవై రెండేళ్లుగా సిడ్నీ నేల కింద, కిటికీ లేని ఆ గదిలో కూర్చుని ఆమె రైళ్ల రాకపోకలు చెబుతోంది. ఆ కెమెరాలకు కళ్లే గాని చెవుల్లేవు. జనానికి ఆమె గొంతు తెలుసు, మొహం తెలియదు. ఇన్నేళ్లలో ఒక్కరు కూడా ఆమెకు కాఫీ ఇచ్చిన పాపాన పోలేదు.

ఈయన వచ్చి ఎనిమిది నెలలు. ఏకై వచ్చి మేకైనట్టు, రోజూ కాఫీలూ కేకులూ ఆయనకే.

పైగా బోర్డు మీది నిమిషాలను జనం ఎప్పుడో నమ్మడం మానేశారు. రైలు ఆలస్యమైతే 'రెండు నిమిషాలు' అన్నది పది నిమిషాలు అలాగే వెలుగుతుంది. రైలు వేరే నంబరుకు మారినా బోర్డు మారదు. మనిషి మాటే దిక్కు. ఆ మాట తనది కావాలి గాని ఆయనదెలా అయింది?

గురువారం పై ఆఫీసు నుంచి ఒకావిడ వస్తోంది. కొత్త బోర్డులతో పాటు యంత్రం గొంతు పెట్టే ఆలోచనలో ఉన్నారు. లొరెయిన్ చెప్పింది జనం వింటున్నారని ఆవిడ కళ్లారా చూస్తే మైకు ఉంటుంది. లేదంటే ఊడుతుంది.

"ఆవిడ ముందు కూడా జనం ఆ ముసలాయన వంకే చూస్తే నా పని ఖాళీ," అంది లొరెయిన్.

బుధవారం, రెండు రైళ్ల మధ్య, తారెక్‌కు కూడా చెప్పకుండా కిందికి దిగింది.

దగ్గరికి వెళితే మనిషి కొండలా ఉన్నాడు. పూల చొక్కా, చర్చిలో పాడేవాళ్లకుండే నిండైన గొంతు.

"రోజూ ఇక్కడేం పని మీకు?"

"తెవిటా అంటారమ్మా నన్ను. మా ఆవిడ ఆస్పత్రి వంటింట్లో పనిచేస్తుంది. రైలెక్కించడానికి వస్తాను. తర్వాత తొమ్మిదింటిదాకా ఇలా..." ఆయన టక్కున ఆగాడు. మొహం వెలిగిపోయింది. "ఆగాగు! మైకులో మాట్లాడే అమ్మాయివి నువ్వేనా?"

"నేనే. రైళ్ల సంగతి చెప్పడం నా పని. మీది కాదు."

"అది కాదు తల్లీ, ఇక్కడేంటంటే..."

"ఇక్కడా లేదు, అక్కడా లేదు. మీవల్లే నా మాట వినేవాళ్లు లేకుండా పోయారు. రేపు కనిపించారంటే పోలీసుల్ని పిలుస్తా."

తెవిటా తలెత్తి స్తంభం వంక చూశాడు. తర్వాత ఆమె వంక చూశాడు. నోటిదాకా వచ్చిన మాట మింగేశాడు.

"నీ పొట్ట కొడతానా తల్లీ? వద్దంటే రానులే. మా ఆవిడకు నీ గొంతంటే ఎంతిష్టమో..."

ఆ మాట పూర్తయ్యేసరికి లొరెయిన్ సగం దూరం వెళ్లిపోయింది. ఆ పూటంతా కూనిరాగాలు తీస్తూ పనిచేసింది.

గురువారం స్తంభం పక్కన ఎవరూ లేరు. పై ఆఫీసావిడ కాగితాలు పట్టుకుని ఆ చివరన నిలబడింది.

ఎనిమిదిన్నరకు హార్న్స్‌బీ రైలు మళ్లీ నాలుగో నంబరుకు మారింది.

లొరెయిన్ గొంతు సవరించుకుని, గంట కొట్టినట్టు చెప్పింది.

ఆ చివరన ఒక్కరు కదల్లేదు.

మళ్లీ చెప్పింది. మూడోసారి అరిచినంత పని చేసింది.

వందమంది బోర్డు వంక చూస్తూ నిలబడ్డారు. వాళ్ల రైలు నాలుగో నంబరుకు వచ్చి, వెళ్లిపోయింది.

పది నిమిషాలకు ఆవిడ గదిలోకి వచ్చింది.

"అక్కడ మీ మాట ఒక్క ముక్క వినపడలేదండీ. స్తంభం అవతల స్పీకర్లన్నీ పాడై ఎనిమిది నెలలైందట. నేను చూసింది నేను రాయక తప్పదు."

"ఎనిమిది నెలలా?" లొరెయిన్ కుర్చీలోంచి లేచింది. "మరి నిన్నటిదాకా అందరూ సరిగ్గానే వెళ్లారు కదా?"

"అదే నాకూ అర్థం కాలేదు." ఆవిడ ఫైలు తెరిచింది. "ఒకాయన వారం వారం ఫిర్యాదు రాశాడు. మా ఆఫీసులో ఎవరూ చదివినట్టు లేరు."

లొరెయిన్ పైనున్న కాగితం అందుకుంది. పెద్ద పెద్ద అక్షరాలు.

'స్తంభం దాటితే ఆ అమ్మాయి గొంతు రావడం లేదు. తొందరగా బాగుచేయించండి. ఆమెకు మాత్రం చెప్పకండి. ఇన్నాళ్లూ గోడలతో మాట్లాడానా అని బాధపడుతుంది.'

కింద తెవిటా సంతకం.

సంతకం పక్కన 'మీరెవరు?' అని ఒక గడి ఉంది. అందులో అచ్చేసిన 'ప్రయాణికుడు', 'ఉద్యోగి' రెండూ కొట్టేసి, ఆయన తన చేత్తో రాశాడు: 'బాగయ్యేదాకా ఆ అమ్మాయి స్పీకర్ని.'