ఎముకలో పిలుపు

డాక్టరు పద్మావతి ఎక్స్‌రే ఫిల్ముని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. రెండేళ్ళ పైడయ్య ఎముకలన్నీ సుద్దముక్కల్లా తెల్లగా ఉన్నాయి.

"గట్టిగున్నాయి కదమ్మా," అంది తల్లి పోతమ్మ, ఆశగా.

"అదేనమ్మా జబ్బు."

పెద్దాసుపత్రి పిల్లల వార్డు అది. పైడయ్యని చంకనేసుకుని చిలకమ్మ బల్ల పక్కనే నిలబడి ఉంది. ఏడేళ్ళ పిల్ల. పక్కింటి వరహాలమ్మ తోడిచ్చి పంపింది. వాడికి చూపు ఆనడం లేదని మొదట కనిపెట్టింది కూడా ఈ పిల్లే. బంతి దొర్లిస్తే వాడు చప్పుడుకి తల తిప్పుతున్నాడు గాని బంతిని చూడటం లేదు.

డాక్టరమ్మది గోదావరి వైపు. ఎవరికైనా విసుక్కోకుండా చెబుతుంది.

"చూడమ్మా, ఎముకలో కట్టే కణాలుంటాయి, తినే కణాలుంటాయి. ఇవి కొత్తది కడుతుంటే అవి పాతది తినేస్తూ ఉండాలి. అప్పుడే లోపల మూలుగకి చోటు, నరాలకి దారి. మీవాడికి కట్టడమేగాని తినడం లేదు. కంటి నరం వెళ్ళే కన్నం పూడుకుపోతోంది."

"మరా తినీవి ఏటైపోనాయమ్మా?"

"పుట్టలేదు. కట్టే కణాలే వాటిని పిలుస్తాయని ఇప్పుడిప్పుడే అంటున్నారు. ఆ పిలుపు అందుకుని, రక్తంలోంచి వచ్చిన కణం తినేదిగా మారుతుందట. వీడిలో ఆ పిలుపుకి పలికేవి లేవనుకుంటాను."

పిలిస్తే తినేది వస్తుందన్న సంగతి పోతమ్మకి కొత్త కాదు.

మొదటి ఇద్దరు పిల్లల్నీ నోరారా పిలుచుకుంది. ఏడాది తిరక్కుండానే ఇద్దరూ పోయారు. అప్పట్నుంచి గుమ్మం అవతల ఏదో చెవి ఒగ్గి కూర్చున్నట్టే ఉంటుంది. సముద్రపు గాలికి తడిక కదిలినా నోటిదాకా వచ్చిన మాట మింగేస్తుంది. పైడయ్య పుట్టాక మాత్రం కాస్త ధైర్యం చేసి, పదిమందిలో 'నా కొడుకు' అంది. విననే వింది అది.

"మేనరికమా?" అడిగింది డాక్టరు.

"మావయ్యేనమ్మా."

"బొంబాయిలో ఒక వైద్యం మొదలెట్టారు. తోడబుట్టినవాళ్ళ మూలుగ తీసి ఎక్కిస్తారు. సరిపడితే దాంట్లోంచి తినే కణాలు పుడతాయి. మిగిలిన చూపు నిలుస్తుంది, ప్రాణమూ నిలుస్తుంది. ఇచ్చినవాళ్ళకి భయమేమీ లేదు. వీడికి అన్నో అక్కో ఉన్నారా?"

పోతమ్మ తలుపు వైపు చూసింది.

"నేరమ్మా."

"ఒక్కళ్ళయినా?"

"నేరన్నాను కదమ్మా."

"నాది తీసీండి," అంది చిలకమ్మ. "నాను బయపడను."

డాక్టరు నవ్వింది. "నీ మనసు మంచిదే గాని, పక్కింటివాళ్ళది పనికిరాదు తల్లీ."

"నోరు ముయ్యి," పోతమ్మ కసిరింది. "పెద్దోల్ల మద్దిన నీకేటి పని?"

చిలకమ్మ మొహం చిన్నబోయింది.

ముగ్గురూ నడిచి బయల్దేరారు. స్టీలు ప్లాంటు కట్టడానికి ఇనుము మోసుకెళ్ళే లారీ ఒకటి పక్కనుంచి పోయింది. పైడయ్య ఉలిక్కిపడి, చిలకమ్మ మొహం తడుముకున్నాడు. ముక్కు, చెంప, చెవి. తెలిసిన మొహమే అని నెమ్మదించాడు.

"అత్తా, నానేటి తప్పన్నాను?"

పోతమ్మ ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంది. ఆ పిల్ల పలకరించినప్పుడల్లా ఆమెకి అదే అలవాటు.

పూర్ణా మార్కెట్ దగ్గర బియ్యం కొట్టు ముందు ఆగిపోయింది. పిల్లలిద్దరి వైపూ చాలాసేపు చూసింది.

"గుప్పెడు తవుడియ్యి బాబూ."

"గుప్పెడా? గేదికా, సీమకా?" అన్నాడు కొట్టతను. పొట్లం కట్టి, "ఊరికే పట్టుకెల్లు," అన్నాడు.

"ఊరికొద్దు," అని పావలా బల్ల మీద పెట్టి, పొట్లం కొంగున ముడేసుకుంది.

ఇల్లు చేరేసరికి వరహాలమ్మ గుమ్మంలో ఎండు నెత్తళ్ళ చేపలు ఏరుతోంది. పొయ్యి మీంచి అన్నం దించి ఉంది. చిలకమ్మ లేకుండా ఆమెకి ముద్ద దిగదు.

"అమ్మా," అంటూ చిలకమ్మ పరుగెత్తి ఆమె వీపుకి కరుచుకుంది.

"ఏటందే పోతీ, డాట్రమ్మ? పిల్లడి కల్లు బాగవుతాయంటాదా?"

పోతమ్మ పైడయ్యని అరుగు మీద కూర్చోబెట్టింది. వాడు గాలిలో చేతులు చాపి చిలకమ్మ కోసం వెతుక్కుంటున్నాడు. సముద్రం వైపు నుంచి గాలి వచ్చి తడిక టపటపా కొట్టుకుంది.

ఈసారి పోతమ్మ మాట మింగలేదు.

కొంగు ముడి విప్పి, తవుడంతా వరహాలమ్మ ముందు పోసి, వినేవన్నీ వినేలా గొంతెత్తి, "పుట్టిన్నాడు సావు ఆనవాలు పట్టకండా గుప్పెడు తవుడుకి నీకమ్మీసిన నా కూతుర్ని నాకిచ్చీ వదినా," అంది.