కొండదారికి ఉప్పు

నడిరోడ్డు మీద మోకాళ్లేసి కూర్చున్న ముసలాయన్ని చూసి ఈష్బెల్ ఠక్కున ఆగింది.

ఉదయం ఎనిమిదిన్నర. దారంతా తెల్లగా మంచు పేరుకుని ఉంది.

"పడ్డారా ఏంటండీ?"

"లేదమ్మా. రోడ్డుకి ఒంట్లో ఎలా ఉందో చూస్తున్నా." ఆయన చేతిలో థర్మామీటరుంది. "మైనస్ ఆరు. కింద పెద్ద రోడ్డు మీద మైనస్ ఒకటే."

"అయితే ఏదైనా మందు రాసివ్వండి," అంది ఈష్బెల్.

ఆయన నవ్వి, నోటుబుక్కులో ఏదో రాసుకుని, జేబులోంచి కొలతల టేపు తీశాడు.

టేపు చూడగానే ఆమె మొహం మారిపోయింది.

"కౌన్సిల్ మనిషా మీరు?"

"ఇప్పుడు కాదమ్మా. నా పేరు టోరన్స్. కింద కారవాన్ అద్దెకి తీసుకుని ఉంటున్నా."

ఆమె నమ్మలేదు. పోయినేడు పక్క లోయలోకి ఇలాగే ఒకడు టేపు పట్టుకుని వచ్చాడు. వారం తిరక్కుండా అక్కడి పసుపుపచ్చ ఉప్పుపెట్టె మాయమైంది.

కొండ మీది ఈ ఆరిళ్లకూ అలాంటి పెట్టే దిక్కు. అందులోని ఉప్పు పారతో తీసి, దారి మీది మంచు కరిగేలా వాళ్లే జల్లుకోవాలి. కౌన్సిల్ లారీలు పెద్ద రోడ్డుకి రోజూ ఉప్పు జల్లుతాయి. ఈ కొండదారి మూడో జాబితాలో ఉంది. మూడో జాబితా అంటే మిగతా దారులన్నీ అయ్యాక, తీరికుంటే. ఆ తీరిక వాళ్లకి ఏనాడూ దొరకలేదు.

ఈష్బెల్ మొగుడు డూగీకి వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆసుపత్రి కారు కింద మలుపు దాకా వచ్చి, చక్రాలు జారితే వెనక్కి తిరిగిపోతుంది. ఈ చలికాలంలో అప్పటికే నాలుగుసార్లు పోయింది. నాలుగోసారి డూగీకి కాళ్లు వాచి, ఊపిరి అందక, ఆమె పైప్రాణాలు పైనే పోయాయి.

ఇప్పుడా పెట్టె కూడా పోతే?

సాయంత్రానికల్లా ఆరిళ్లకీ చెప్పేసింది. "వాడితో ఎవరూ మాట్లాడొద్దు. టీ కూడా పోయొద్దు."

ఆ స్కాట్లాండు కొండల్లో గుమ్మంలోకి వచ్చినవాడికి టీ పోయకపోవడమంటే మొహం మీద ఉమ్మినట్టే. అయినా అందరూ సరేనన్నారు.

మూడోరోజు టోరన్స్ ఫ్లాస్కు పట్టుకుని తలుపు తట్టాడు.

"కాసిని వేణ్ణీళ్లిస్తావా అమ్మా? వేళ్లు కొంకర్లు పోయి రాయలేకపోతున్నా."

"మా కెటిల్ పాడైందండీ," అంది పుల్ల విరిచినట్టు.

సరిగ్గా అప్పుడే వంటింట్లో కెటిల్ ఈల వేసింది.

"పాపం, ఆ సంగతి దానికింకా తెలిసినట్టు లేదు," అని నవ్వి, ఆయన వెళ్లిపోయాడు.

లోపల డూగీ పగలబడి నవ్వాడు. "అబద్ధం ఆడేముందు పొయ్యి ఆర్పాలే, పిచ్చిదానా!"

"నవ్వండి. ఉన్న ఉప్పు కూడా ఊడ్చుకుపోయాక ఇంకా నవ్వుదురు గాని."

"మంచివాడిలాగే ఉన్నాడే. నిన్న కిటికీ దగ్గర నిలబడి, కారు రాని రోజులన్నీ తారీకులతో రాసుకున్నాడు."

"చెప్పేశారా!"

"పలకరించినవాడికి చెప్పక ఏం చెయ్యను?"

ఏడు వారాలు, ఒక్క పొద్దు తప్పకుండా, టోరన్స్ వస్తూనే ఉన్నాడు. మలుపులో కూర్చునేవాడు, రాసుకునేవాడు, దగ్గుకుంటూ దిగిపోయేవాడు. డూగీ తప్ప ఎవరూ పలకరించలేదు.

ఫిబ్రవరి చివర్లో ఒకరోజు రాలేదు. చూస్తే కారవాన్ ఖాళీ.

"పీడా విరగడైంది," అంది ఈష్బెల్. వెళ్లి ఉప్పుపెట్టె ఉందో లేదో చూసొచ్చింది. ఉంది.

మార్చిలో మళ్లీ గట్టిగా మంచు పట్టింది. ఆ రోజు డూగీ ఆసుపత్రికి వెళ్లాలి. కారు వస్తుందన్న ఆశ లేకపోయినా కోటు వేసుకుని కూర్చున్నాడు.

ఎనిమిదింటికి కిందనుంచి మోత వినబడింది. నారింజరంగు దీపం తిప్పుకుంటూ కౌన్సిల్ లారీ మలుపు ఎక్కింది. దాని వెనక ఉప్పు వడగళ్లలా రాలుతోంది. ఆ వెనకే, జారకుండా, ఆసుపత్రి కారు.

ఈష్బెల్ ఇంటి చెప్పులతోనే పరిగెత్తింది. లారీ డ్రైవరు కిర్స్టీ అద్దం దించింది.

"ఇవాళ్టినుంచి మీ దారి మొదటి జాబితాలో ఉందండీ. మంచు పడితే చాలు, పొద్దున్నే వచ్చేస్తా."

"ఎవరి పుణ్యమమ్మా ఇది?"

"టోరన్స్ అని ఒక పెద్దాయన. నలభై తొమ్మిది రోజుల చలి లెక్కలు, ఆసుపత్రి కారు తిరిగిపోయిన తారీకులు, అన్నీ తెచ్చి కౌన్సిల్ మీటింగులో పెట్టాడు. అక్కడికక్కడే జాబితా మార్చేశారు."

ఈష్బెల్‌కి తల కొట్టేసినట్టయింది. ఫ్లాస్కుడు వేణ్ణీళ్లకు అబద్ధమాడింది తను.

"ఎక్కడున్నాడాయన? ఇప్పుడే వెళ్లి ఇంటికి పిలుచుకొస్తా."

"ఎవరికీ తెలీదండీ. మీటింగవగానే సంచీ భుజానేసుకుని బస్సెక్కేశాడు. చిరునామా అడిగినా ఇవ్వలేదు."

డూగీ కారెక్కి, భార్యకి చెయ్యి ఊపాడు. కారు కొండ దిగింది. ఈష్బెల్ కళ్లు తుడుచుకుంది.

"చుట్టమా పక్కమా? పైగా మేమంతా వెలేసినట్టు చూశాం. మాకోసం ఎందుకు పడ్డాడమ్మా అంత కష్టం?"

కిర్స్టీ గేరు వేయబోయి ఆగింది.

"మీటింగులో లేచి ఆయన చెప్పిన మొదటి మాటే అదండీ: 'పదకొండేళ్ల కిందట, ఒక్కసారైనా వెళ్లి చూడకుండా ఆ దారిని మూడో జాబితాలో పడేసి సంతకం పెట్టిన ఇంజినీర్ని నేనే.'"