రెండు నిమిషాల శిక్ష

మారిట్ మళ్ళీ తప్పు చేసింది.

ఆడే నల్ల బిళ్ళ, పక్, ఎక్కడో మంచు మైదానం ఆ చివర ఉంది. ఆమె ఈ చివర, తన మానాన తాను పోతున్న ఎదుటి జట్టు పిల్ల కాళ్ళ మధ్య హాకీ కర్ర పెట్టింది. ఆ పిల్ల బోర్లా పడింది. రిఫరీ విజిల్ వేశాడు. రెండు నిమిషాలు శిక్ష.

మారిట్ వాదించలేదు. ఎవరూ చెప్పకముందే పెనాల్టీ బాక్స్ వైపు జారుకుంటూ వెళ్ళింది. గాజు గోడల చిన్న గది అది. దాని తలుపు దగ్గర ఓర్విల్ ఉంటాడు. అరవై దాటిన మనిషి. ఇరవై ఏళ్ళుగా ఈ కాలేజీ ఆటలన్నిటికీ ఆ తలుపు ఆయనదే. తప్పు చేసినవాళ్ళను లోపల కూర్చోబెట్టి, శిక్ష తీరగానే బయటికి వదలడం పని. జీతం లేదు, కాఫీ ఇస్తారు.

"టైమెంతుంది?" అంది మారిట్ కూర్చుంటూనే.

"ఒకటీ యాభై."

కాసేపాగి, "ఇప్పుడు?"

"ఒకటీ ఇరవై."

ఎదురుగా బోర్డు మీద ఎర్ర అంకెలు గుమ్మడికాయలంత కనబడుతూనే ఉన్నాయి. అయినా అడుగుతుంది. అడిగితే చెప్పి తీరాలని రూలు. ఓర్విల్ రూలు తప్పే మనిషి కాడు.

ఈలోగా అక్కడ, ఒక మనిషి తక్కువై, ఆమె జట్టు గోల్ ఇచ్చుకుంది.

కోచ్ డాన్యెల్ ఆ ఏడే కెనడా నుంచి వచ్చింది. ఈ మినసోటా ఊరి సంగతులు ఆమెకు తెలియవు. అంకెలు తెలుసు. మర్నాడు పొద్దున్నే మారిట్‌ను పిలిచి కాగితం ముందు పెట్టింది.

"పై ఊళ్ళలో పదకొండు ఆటలు. ఒక్క తప్పు లేదు. బంగారు తల్లివి! సొంత ఊళ్ళో పది ఆటలు. ఇరవై ఏడు తప్పులు. ఏం, ఇక్కడి మంచుకేమైనా దయ్యం పట్టిందా?"

"సారీ కోచ్."

"సారీ, నా మొహం! శనివారం ఇక్కడ గెలిస్తేనే టోర్నమెంటుకి పోతాం. ఆ రోజు గనక మళ్ళీ ఆ బాక్స్‌లో కూర్చున్నావో, టోర్నమెంటు బస్సులో నీకు సీటుండదు. ఇదే నీ ఆఖరి ఏడాది కూడాను. ఆలోచించుకో."

మారిట్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈ కాలేజీ అమ్మాయిలు ఆ టోర్నమెంటుకి వెళ్ళి పద్నాలుగేళ్ళయింది. స్కేట్లు కట్టుకోవడం వచ్చినప్పటి నుంచీ ఆమె ఆ బస్సు ఎక్కాలనే కలలు కంటోంది.

కోచ్ తన విసుగంతా స్కోరు రాసే లోయిస్ దగ్గర వెళ్ళగక్కింది.

"ఆ గాజు డబ్బాలో ఏముందని పరిగెడుతుంది లోయిస్ గారూ? కబుర్లకంటారా, ఆ ఓర్విల్ చూస్తే బెల్లం కొట్టిన రాయి!"

"అలా అనకమ్మా, పాపం. మొన్న ఏప్రిల్లో నలభై రెండు పాడి ఆవుల్నీ అమ్మేశాడు. గుండె జబ్బు మనిషివి, ఇక నీవల్ల కాదని ఇంట్లోవాళ్ళు పోరి పోరి అమ్మించారు. అప్పట్నించీ ఇంట్లో మాటల్లేవు. పళ్ళెం పట్టుకెళ్ళి ఆ ఖాళీ కొట్టంలో కూర్చుని తింటాడట."

"పది నెలలుగానా? ఊళ్ళో ఒక్కరైనా సర్దిచెప్పరా?"

లోయిస్ ఆమెకేసి వింతగా చూసింది. ఆ ఊళ్ళో ఒకరింటి సంగతి ఇంకొకరు కదపరు. తనే ఇప్పటికి ఎక్కువ వాగేసింది. "ఈ ఏడు చలి పెద్దగా లేదు" అంటూ కాఫీ అందుకుంది. బయట సున్నాకి ఇరవై డిగ్రీలు కింద ఉంది.

శనివారం మంచు మైదానం చుట్టూ జనం కిటకిటలాడారు. రెండు భాగాలు ముగిసేసరికి స్కోరు రెండు–రెండు. మారిట్ ఒక్క తప్పూ చెయ్యలేదు. పెనాల్టీ బాక్స్ ముందు నుంచి పోవలసి వచ్చినప్పుడల్లా తల తిప్పేసుకుంటోంది. ఓర్విల్ మాత్రం తలుపు గడియ మీద చెయ్యి వేసి అలా నిలబడే ఉన్నాడు.

ఆఖరిదైన మూడో భాగంలో మారిట్ గోల్ కొట్టింది. జనం గొంతులు చించుకున్నారు. ఓర్విల్ చప్పట్లు కొట్టలేదు. ఆ తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళు కొట్టకూడదని రూలు.

ఇంక మూడు నిమిషాలుంది. గోల్ పక్కన ఖాళీగా నిలబడ్డ ఎదుటి జట్టు పిల్లకి పక్ అందబోయింది. కొట్టిందా, గోలే. మారిట్ వెనకనుంచి వచ్చి, ఆ పిల్ల కర్రకి తన కర్ర తగిలించి లాగేసింది. గోల్ తప్పింది. విజిల్ పడింది.

సీజన్ మొత్తంలో ఆమె చేసిన పనికొచ్చే తప్పు అదొక్కటే. "ఈ ఒక్కదాన్నీ లెక్కలో వెయ్యన్లే" అని గొణుక్కుంది కోచ్. అది మారిట్‌కి వినబడలేదు.

మారిట్ బాక్స్‌లో కూలబడింది. ఈసారి టైమడగలేదు. హెల్మెట్ ఊచల వెనక వెక్కి వెక్కి ఏడుస్తోంది. బస్సు పోయింది, అంతే. అక్కడ మంచు మీద మిగిలినవాళ్ళు పక్‌కి ఒళ్ళు అడ్డం వేసి మరీ కాపు కాస్తున్నారు.

"ఒకటీ పది" అన్నాడు ఓర్విల్.

మారిట్ తలెత్తి చూసింది. తను అడగలేదు.

"నలభై" అన్నాడు. ఆ తర్వాత, "పది."

శిక్ష తీరింది. గోల్ పడలేదు. ఓర్విల్ గడియ తీశాడు గానీ, ఇరవై ఏళ్ళలో మొట్టమొదటిసారి, తలుపు తెరవడానికి రెండు క్షణాలు ఆలస్యం చేశాడు. ఆమె మొహంలోకి చూడకుండా, మంచుకేసి చూస్తూ అన్నాడు:

"ఆవుల్ని అమ్మించావన్న కోపం పోయింది తల్లీ, ఇవాళ మీ అమ్మా నువ్వూ నేనూ ముగ్గురం ఒకే బల్ల దగ్గర కూర్చుని తిందాం."