ఆల్డర్ పొదల్లో కేక

"పొదల్లోకి నేను దిగుతాను. నువ్వు అవతల కాపు కాయి," అంది వెర్నా, ట్రక్కు తలుపు చప్పుడు కాకుండా మూస్తూ.

ఆర్విడ్ కాఫీ మూత బిగించి బయటికి చూశాడు. సన్నగా మంచు పడుతోంది. దుప్పుల వేట సీజనుకి ఇదే ఆఖరి రోజు. ముందున్నదంతా సర్కారు అడవి. వాగు దాటాక ఆల్డర్ పొదలు ఒకదాంట్లో ఒకటి అల్లుకుపోయి, నాలుగడుగుల్లో ఎద్దు నిలబడ్డా కనబడనంత చిక్కగా ఉన్నాయి.

"గట్టు మీద పైన్ చెట్లున్నాయి. అక్కడైతే నడక తేలిక," అన్నాడు.

"ఇక్కడే."

ఆమె మొగుడు లాయిడ్ పోయింది ఇక్కడే. నాలుగేళ్ల కిందట లాయిడ్ ఈ పొదల్లో దుప్పుల్ని తోలుతుంటే, అవతల కాపున్న ఆర్విడ్ తూటాయే అతనికి తగిలింది. తోలేవాడు ఎక్కడున్నాడో తెలిసేలా వెయ్యాల్సిన కేక లాయిడ్ వెయ్యలేదనీ, పొద కదిలితే దుప్పి అనుకుని కాల్చాననీ ఆర్విడ్ షెరీఫ్ ముందు వెక్కి వెక్కి ఏడ్చాడు. నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయనుకునే మనిషి లాయిడ్. అది ఊరందరికీ తెలుసు. అందుకే అందరూ నమ్మారు. వెర్నా కూడా పల్లెత్తు మాట అనలేదు.

అప్పట్నుంచీ ఆమె ఇంటి ముందు మంచు తొయ్యడం, కట్టెలు కొట్టి పేర్చడం, ఫ్రీజరు నిండా దుప్పి మాంసం తెచ్చి పెట్టడం అన్నీ ఆర్విడే చూసుకుంటున్నాడు. పెళ్లీ పెటాకులూ లేని మనిషి. ఈ మధ్య ఒక సాయంత్రం, ఆమె పెట్టిన యాపిల్ కేకు తింటూ, తనని చేసుకోమని అడిగేశాడు. వెర్నా గిన్నెలు కడుగుతూ అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. లాయిడ్ పోయిన ఆ పొదల దగ్గరికి ఒక్కసారి తీసుకెళ్లమంది. జవాబు ఆ తరవాతే చెబుతానంది. ఆ జవాబు కోసం నిద్ర కూడా సరిగా పట్టడం లేదతనికి.

ఆమె లాయిడ్ వేట కోటు తొడుక్కుంది. మెరిసిపోయే ఆ నారింజ రంగు కోటు మోకాళ్ల దాకా వేలాడుతోంది.

"గుమ్మడికాయలా ఉన్నావు," అన్నాడు ఆర్విడ్.

"కాయ చూసి దుప్పి అనుకోకు మరి."

అతనికి నవ్వు రాలేదు. కొద్ది దూరానికోసారి కేక వేస్తూ రమ్మని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. ఆమె తల ఊపి పొదల్లోకి దూరింది. నారింజ రంగు కాసేపు రెమ్మల మధ్య మిణుకుమని, తరవాత అదీ మాయమైంది.

ఆర్విడ్ చుట్టు తిరిగి అవతలి కొసకి వెళ్లి మోడు పక్కన నిలబడ్డాడు. కేక రాలేదు. ఒక రెమ్మ మీది మంచు జారి పడింది. ఎక్కడో ఒక పిట్ట ఒక్క కూత కూసి ఊరుకుంది. కేక ఇంకా రాలేదు.

పుల్ల విరిగింది. పొదలు చీల్చుకుని పెద్ద పోతు దుప్పి బయటికొచ్చి, అతనికి అడ్డంగా నిలబడింది. చెట్టుకొమ్మల్లాంటి కొమ్ములు, ముక్కుల్లోంచి ఆవిరి. తుపాకీ తనంతట తనే భుజానికి వచ్చింది కానీ వేలు మాత్రం ట్రిగ్గర్ దగ్గరికి పోలేదు. దుప్పి అతన్ని చూసింది. ఒక్క ఊపులో గట్టెక్కి వెళ్లిపోయింది.

వెంటనే అదే చోట పొద మళ్లీ కదిలింది. తుపాకీ దించేశాడు. వెర్నా వచ్చింది, జుట్టు నిండా పుల్లలతో.

"అంత పోతుని నీ ముందుకి తోలితే చేతులు ముడుచుకుని నిలబడ్డావా?"

"నువ్వు కేక వెయ్యలేదు."

"మర్చిపోయాను. అయినా కళ్లెదుట కొమ్ములు కనబడుతున్నాయి కదయ్యా."

ఆర్విడ్‌కి మనసు కొంచెం తేలికైంది. తనెంత జాగ్రత్త గల మనిషో చెప్పుకోవడానికి ఇంతకన్నా మంచి సమయం రాదనిపించింది.

"తుపాకీ చేతికిచ్చిన రోజే మా నాన్న చెప్పాడు, వెర్నా. తోలేవాడి గొంతు ఎటుందో తెలిసేదాకా ట్రిగ్గర్ ముట్టుకోవద్దని. వేట నేర్చిన నాటి నుంచీ ఒక్కసారి కూడా ఆ మాట తప్పలేదు. తప్పుదామన్నా నా వేలు కదలదు."

ఇద్దరూ వెనక్కి నడిచి వాగు దగ్గరికొచ్చారు. తుపాకీతో వాగు దాటకూడదు, పక్కవాళ్ల చేతికివ్వాలి. ఆర్విడ్ అలాగే ఇచ్చి, అవతలికి దూకి, అందుకోవడానికి చెయ్యి చాచాడు.

వెర్నా ఇవ్వలేదు. తూటాలు ఒక్కొక్కటే బయటికి లాగి లాయిడ్ కోటు జేబులో వేసుకుంటోంది.

"ఇప్పుడైనా జవాబు చెబుతావా?" అన్నాడు, చాచిన చెయ్యి అలాగే ఉంచి.

"ఒక్కసారి కూడా తప్పలేదన్నావు కదూ?"

"ఒట్టు. ఒక్కసారి కూడా."

ఆమె తలెత్తి, వాగు అవతల ఉన్న అతని ముఖంలోకి చూసింది.

"అయితే ఆ రోజు లాయిడ్ కేక వేశాడు."