పేరు మోస్తున్న మేక

“బుడ్డోడనేది ముద్దుపేరమ్మా. బళ్ళో చేర్చుకోవాలంటే అసలు పేరు కావాలి,” అన్నాడు తన ఇంటి వరండాలో కూర్చున్న సీతారామాంజనేయులు. ఆయన బందరు నుంచి నార్సింగి బడికి కొత్తగా వచ్చిన మాస్టారు.

“గదే అసలు పేరు సారూ.” సక్కుబాయి కొడుకును కొంగు చాటుకు లాక్కుంది.

“రేపు వీడు ఆఫీసరైతే బుడ్డోడు గారూ అని పిలుస్తారా? పుట్టినప్పుడు ఏం పేరు పెట్టారు?”

ఆమె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. “వీర విశ్వేశ్వర ప్రసాదు. గా పేరు మేకకిచ్చేసినం.”

“మేకకా!”

“వీని ముందు ఇద్దరికి గసుంటి పెద్ద పేర్లే పెట్టినం. జరమొచ్చి, ఒళ్లంత పోచమ్మ పోసి ఇద్దరూ పోయిండ్రు. ఇగ సావు మళ్ల పేరడుక్కుంట వస్తే, మేకను తీస్కపోతదని…”

మాస్టారికి నవ్వాగలేదు. హాజరు పిలిచినట్టు, “వీర విశ్వేశ్వర ప్రసాదూ!” అని అరిచాడు.

సక్కుబాయి వెంట తెచ్చి గేటుకు కట్టేసిన మేక తలెత్తి “మే” అంది.

“జర మెల్లగ సారూ! ఎవరన్నా ఇంటరు!”

అంతలో లోపలి నుంచి ఆయన భార్య కేక వినిపించింది. “ఏమండీ, రాజరాజేశ్వరికి ఒళ్ళు మళ్ళీ కాలిపోతోంది!”

కూతురి పేరు వినగానే మాస్టారి నవ్వు ఆగిపోయింది. ‘బుడ్డోడు’ అనే రాసుకున్నాడు. తర్వాత కలం మూత పెడుతూ, లోపలికి వినబడకుండా అడిగాడు.

“మీ ఇంట్లో ఇంకో మేకపిల్ల ఉందామ్మా?”

సక్కుబాయి మొదటిసారి బెదురు లేకుండా ఆయన ముఖంలోకి చూసింది.

“ఆడపిల్లనే ఉన్నది సారూ. పేరు మాత్రం మీరే దాని చెవుల చెప్పాలె. మెల్లగ.”